వేసవి సెలవులకి 6, 7, 8 తరగతుల పిల్లల చేతికి ఏ పుస్తకాలు ఇద్దాం? బడ్జెట్ ఎనిమిది వేలు

చీరాల తెలుగు టీచర్ | ఏప్రిల్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా బడి పాత విద్యార్థులు కొందరు పుస్తకాలకని ఎనిమిది వేలు పోగుచేసి ఇచ్చారు. వాళ్ళ షరతు ఒక్కటే: పుస్తకాలు ఈ సెలవుల్లో పిల్లల ఇళ్ళలో ఉండాలి, బీరువాలో పెట్టి తాళం వెయ్యకూడదు. బడి మూసేలోపు ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి, అంటే ఉన్నది రెండు వారాలు.

మూడు తరగతులూ కలిపి తొంభై మంది దాకా ఉంటారు. కథ పుస్తకం ఇస్తే మధ్యాహ్నానికి చదివేసి ఇంకోటి అడిగేవాళ్ళు పది మంది. ఒత్తులొస్తే ఆగిపోయేవాళ్ళు, కూడబలుక్కుని చదివేవాళ్ళు ముప్పై మందికి తక్కువ ఉండరు, ఎనిమిదిలో కూడా ఉన్నారు. మిగతావాళ్ళు చదవగలరు కానీ పాఠ్యపుస్తకం తప్ప వేరే పుస్తకం తెరిచిన అలవాటు లేదు.

మా హెచ్చెమ్ గారు నీతికథలు, మహనీయుల జీవితచరిత్రలు తెమ్మంటున్నారు. అవి బీరువాలో ఇప్పటికే బోలెడున్నాయి, పేజీ నలగలేదు. మీకు నచ్చినవి కాదండీ, మీ పిల్లలు నిజంగా చదివినవి చెప్పండి.

గుంటూరు శాస్త్రి | ఏప్రిల్ 6, రాత్రి 10:05

ఇందులో అడగాల్సిందేముందమ్మా? బుడుగు, అమరావతి కథలు, పరమానందయ్య శిష్యుల కథలు, పాత చందమామలు. ఈ నాలుగూ కొంటే మన భాష మనకి మిగులుతుంది. మేమంతా అవి చదివే పెరిగాం.

పాతపేపర్ | ఏప్రిల్ 6, రాత్రి 10:31

శాస్త్రి గారూ, మీరు పెరిగారు సరే, టీచర్ గారు అడిగింది ఇప్పటి పిల్లల సంగతి.

బుడుగు విషయంలో నాదో అభ్యంతరం. నాకు ప్రాణమైన పుస్తకం, బాపు బొమ్మలతో సహా కంఠతా వచ్చు. కానీ అది పిల్లాడి నోటితో పెద్దవాళ్ళకి రాసిన పుస్తకం. రెండు జెళ్ళ సీత గురించి బాబాయి ఏం ఆలోచిస్తున్నాడో మనకి తెలుసు, బుడుక్కి తెలీదు, అందుకే మనకి నవ్వొస్తుంది. ఆరో తరగతి పిల్లాడూ బుడుగులాగే బాబాయి వైపు తెల్లమొహం వేసుకుని చూస్తాడు. పైగా ఆ మాటలన్నీ కావాలని వంకరగా రాసినవి. కూడబలుక్కుని చదివేవాడికి అసలు స్పెల్లింగే సరిగా రానప్పుడు తప్పు స్పెల్లింగులో తమాషా ఏం కనపడుతుంది?

చదివి వినిపించండి, పడీపడీ నవ్వుతారు. ఇంటికిచ్చి చదువుకోమంటే మాత్రం నాలుగో పేజీలో ఆగుతారు.

గుంటూరు శాస్త్రి | ఏప్రిల్ 6, రాత్రి 10:38

బుడుగు పిల్లల పుస్తకం కాదనే రోజు చూడాల్సి వచ్చింది. శివశివా.

పొన్నూరు వదిన | ఏప్రిల్ 6, రాత్రి 10:44

మా అమ్మాయి ఏడో తరగతి. బుడుగు సగంలో వదిలేసింది, సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతలు మాత్రం రెండుసార్లు చదివింది. అందులో పిల్ల నిజంగా అల్లరి చేస్తుంది, దెబ్బలూ తింటుంది, చెల్లెళ్ళ మీద పెత్తనం చేస్తుంది. మా ఇంట్లో జరిగేదే అది. ఒక్కో కత విడిగా చదువుకోవచ్చు, వరస తప్పినా ఏం కాదు. ఆడపిల్లలకి తప్పకుండా ఇవ్వండి. మగపిల్లలకి ఇస్తే తప్పేం లేదనుకోండి.

శాఖా గ్రంథాలయం | ఏప్రిల్ 7, ఉదయం 8:15

టీచర్ గారూ, నేను ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. పిల్లలేం చదువుతున్నారో నేను రిజిస్టర్ చూసి చెప్పను. రిజిస్టర్లో ఇంటి పేరున్న పెద్దాయన తీసుకెళ్ళిన పుస్తకాలే ఎక్కువ కనపడతాయి. పుస్తకం వంక చూస్తాను. మా పిల్లల అలమరాలో నొప్పి డాక్టరుకి అట్ట ఊడిపోయి బ్రౌన్ టేపు వేశాం, ఆ టేపు మీద మళ్ళీ టేపు వేశాం. టామ్ సాయర్‌కి మొదటి పదహారు పేజీలు విడిపోతే దారంతో కుట్టాం. తెనాలి రామకృష్ణ కథలకి బొమ్మలున్న పేజీల్లో వేలిముద్రలు, మిగతా పేజీలు తెల్లగా ఉంటాయి. దేశనాయకుల వరుస పుస్తకాలు ప్రెస్సు నుంచి వచ్చినట్టే మెరుస్తున్నాయి.

నొప్పి డాక్టరు మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పుస్తకాల్లో ఒకటి, చుకోవ్‌స్కీ రాసింది. జంతువులకి వైద్యం చేసే డాక్టరు కోతుల్ని బాగుచెయ్యడానికి ఆఫ్రికా బయల్దేరతాడు, దారిలో ఓడదొంగలు. ఆ రష్యన్ పిల్లల పుస్తకాలు చాలావాటిని మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ వాళ్ళు మళ్ళీ వేశారు. అక్షరం పెద్దది, బొమ్మలు బోలెడు. ఎనిమిదో తరగతి పిల్లాడు చదివినా చిన్నతనం అనిపించదు. మీరు చెప్పిన ముప్పై మందికి ఇలాంటివే కావాలి.

ఇంకో మాట. మనందరం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, రూపాయికి ఎనిమిది పైసల లెక్కన. వేసవిలో మా శాఖల్లో పిల్లలకి శిబిరాలు పెడతాం. మీ ఊళ్ళో శాఖ ఉంటే పిల్లల్ని ఒకసారి తీసుకెళ్ళి సభ్యత్వం ఇప్పించండి, మీ ఎనిమిది వేలకి అదనంగా కొన్ని వందల పుస్తకాలు కలుస్తాయి.

ఇందూరు మల్లేశ్ | ఏప్రిల్ 7, ఉదయం 9:02

గ్రంథాలయం సార్ చెప్పింది వంద శాతం నిజం. మా నిజామాబాద్ దిక్కు గూడ గదే కథ. పోరగాండ్లు బొమ్మ చూసి పుస్తకం తీస్తరు, లావు చూసి ఆడనే పెడ్తరు. నూరు పేజీలు దాటిందంటే మా ఆరో తరగతోడు ముట్టడు. టీచరమ్మా, పల్చటివి ఎక్కువ కొనున్రి.

రిటైర్డ్ హెచ్చెమ్ | ఏప్రిల్ 7, ఉదయం 11:20

ముప్పై రెండేళ్ళ సర్వీసు చేసినవాడిగా ఒక మాట. పుస్తకం ఇవ్వడం తేలిక, చదివించడం కష్టం. పిల్లవాడు చదివాడని ఎలా తెలుస్తుంది? ప్రతి పుస్తకానికీ ఒక పేజీ సారాంశం రాయించండి. పుస్తకం పేరు, రచయిత, పాత్రలు, నేర్చుకున్న నీతి. జూన్‌లో బడి తెరవగానే దిద్ది మార్కులు వెయ్యండి. అప్పుడే క్రమశిక్షణ. లేకపోతే పుస్తకాలు చింతపండు పొట్లాలవుతాయి.

పాతపేపర్ | ఏప్రిల్ 7, ఉదయం 11:34

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. సారాంశం రాయమన్న పుస్తకం ఏ పిల్లాడైనా వెనక అట్ట చదివి ముగిస్తాడు. మీరు వారపత్రికలో సీరియల్ చదివాక ఎవరైనా వచ్చి పాత్రల పేర్లు రాయమంటే మర్నాడు ఆ పత్రిక కొంటారా?

రిటైర్డ్ హెచ్చెమ్ | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 12:10

నేను పిల్లవాణ్ణి కాను, నాకు అలవాటు అయింది. అలవాటు లేనివాడికి ఒత్తిడి ఉండాలి. తొంభై మందిలో పది మందే స్వయంగా చదువుతారని టీచరమ్మే రాశారు. మిగతా ఎనభై మందిని వాళ్ళ మానాన వదిలేయమంటారా?

డాలస్ అమ్మ | ఏప్రిల్ 7, రాత్రి 8:50

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పొచ్చా? మా వాడు ఏడో తరగతి. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో వేసవి వచ్చిందంటే పిల్లలకి చదువు కార్యక్రమం పెడతారు. ఎంతసేపు చదివారో ఒక కార్డు మీద గళ్ళు నింపుకోవడమే. కామిక్స్ చదివినా లెక్కే, క్రికెట్ పత్రిక చదివినా లెక్కే, పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడికి చదివి వినిపించినా లెక్కే. ఏం చదివావు, ఏం నేర్చుకున్నావు అని ఎవరూ అడగరు. గళ్ళు నిండితే ఒక చిన్న బహుమతి, చాలాసార్లు అది కూడా పుస్తకమే. మావాడికి ఇంగ్లిషులో చదివే అలవాటు అలాగే పట్టుకుంది.

నా బాధ వేరు. వాడికి తెలుగు అక్షరాలు వచ్చు, వారాంతం తెలుగు బడికి వెళ్తాడు, కానీ చదివే వేగం రెండో తరగతిది. బుర్ర మాత్రం పన్నెండేళ్ళది. వాడి వేగానికి సరిపడే తెలుగు పుస్తకాలన్నీ చిట్టి చిలకమ్మ దగ్గరే ఉన్నాయి. మొన్న ఒకటి తెరిచి నాకేసి చూసిన చూపు మర్చిపోలేను.

శాఖా గ్రంథాలయం | ఏప్రిల్ 7, రాత్రి 9:30

డాలస్ అమ్మ గారూ, చీరాల టీచర్ గారి ముప్పై మందిదీ, మీవాడిదీ ఒకే సమస్య. వయసు పన్నెండు, చదువు వేగం ఏడేళ్ళవాడిది. వాళ్ళకి పసిపిల్లల పుస్తకం ఇస్తే అవమానం, పెద్ద పుస్తకం ఇస్తే భయం. దానికి మందు బొమ్మల పుస్తకాలే, కానీ బొమ్మలు పెద్దపిల్లల బొమ్మలు కావాలి.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు తెచ్చిన భీమాయణం చూడండి. అంబేద్కర్ చిన్నతనం. పదేళ్ళ భీమ్, తోబుట్టువులు నాన్న దగ్గరికని రైలు దిగుతారు, నాన్న రాడు, కులం తెలియగానే బండివాళ్ళు ఎక్కించుకోం అంటారు, దాహానికి నీళ్ళు దొరకవు. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మామూలు కామిక్స్‌లోలాగా గళ్ళుండవు. మాటలు రాసే బుడగలు కూడా మనిషిని బట్టి మారతాయి: మంచిగా మాట్లాడేవాళ్ళ మాట పిట్ట ఆకారంలో ఉంటుంది, విషం కక్కేవాళ్ళ మాటకి తేలు కొండి ఉంటుంది. పిల్లలు ముందు ఆ కొండి కోసమే పేజీలు తిప్పుతారు, తర్వాత చదువుతారు.

కృష్ణాతీరం | ఏప్రిల్ 7, రాత్రి 10:02

సెలవుల్లో హాయిగా చదువుకునే పిల్లలకి ఈ కులం గొడవలు అవసరమా? వాళ్ళ మనసుల్లో లేనిది మనం ఎందుకు పెట్టాలి?

ఇందూరు మల్లేశ్ | ఏప్రిల్ 7, రాత్రి 10:11

అన్నా, వాళ్ళ మనసుల లేదని మీకెవలు చెప్పిన్రు? మా ఊర్ల ఎవలింట్ల ఎవలు నీళ్ళు తాగరో ఆరో తరగతి పోరనికి మీకన్నా మంచిగ ఎరుక. పుస్తకంల ఉంటే కనీసం మాట్లాడనీకి జాగ దొరుకుతది.

కృష్ణాతీరం | ఏప్రిల్ 7, రాత్రి 10:15

మా ఊళ్ళో అలాంటివేమీ లేవు.

ఇందూరు మల్లేశ్ | ఏప్రిల్ 7, రాత్రి 10:16

గట్లనా. మంచి ఊరు.

నిర్వాహకుడు | ఏప్రిల్ 7, రాత్రి 10:25

ఇద్దరూ ఇక్కడితో ఆపండి. టీచర్ గారికి పుస్తకాలు కావాలి. ఇక పుస్తకం పేరు లేని వ్యాఖ్యలు తీసేస్తాను.

లెక్కలు సైన్సు | ఏప్రిల్ 8, ఉదయం 6:55

ఇంతమంది రాశారు, ఒక్కరూ సైన్సు ఊసెత్తలేదు. కథలంటే పడని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, వాళ్ళకి కథలు తప్ప వేరేవి చూపించం, ఆ తర్వాత చదవడం రాదని ముద్ర వేస్తాం.

మహీధర నళినీమోహన్ గారి పుస్తకాలు వెతకండి. పిడుగుదేవర కథ అని కరెంటు గురించి రాశారు. క్యాలెండర్ కథ, గ్రహణాల కథ, నిప్పు కథ కూడా ఉన్నాయి. ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉంటాయి, సూత్రాలు నూరిపొయ్యడం ఉండదు. ఎనిమిదిలో చురుకైనవాళ్ళకి నండూరి రామమోహనరావు గారి విశ్వరూపం ఇవ్వొచ్చు, ఖగోళశాస్త్రం. అది లావు పుస్తకం, అందరికీ కాదు, అడిగినవాడికే.

ఖర్చు లేనివి రెండు. అరవింద్ గుప్తా గారి సైట్లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టే బొమ్మలుంటాయి, చదివి చెయ్యాల్సిందే, చెయ్యాలంటే చదవాల్సిందే. జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రిక పాత సంచికలు ఏ సైన్సు మాస్టారి ఇంట్లోనైనా కట్టలుగా పడుంటాయి, అడిగితే ఇచ్చేస్తారు.

పాకాల పిలగాడు | ఏప్రిల్ 8, ఉదయం 10:40

మా చిత్తూరు వాళ్ళ పేరు ఒక్కటీ రాలేదే. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు సినబ్బ కథలు, పచ్చనాకు సాక్షిగా. మా పిలకాయలకి చదివితే ఇంట్లో అమ్మ మాట్లాడినట్టే ఉంటాది. పుస్తకంలో ఇట్లా కూడా రాస్తారా సార్ అని నోరు తెరిచినోళ్ళు ఉండారు.

టీచరమ్మ ముందు తను చదివి కథలు ఏరుకోవాల. అన్నీ పిలకాయల కోసం రాసినవి కావు, కొన్ని శానా బరువు, కొన్నిట్లో తిట్లు. ఏరితే బంగారం. మా ఊరాయనే కలువకొలను సదానంద, అడవితల్లికి 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం మొదలైన ఏడే మా ఆయనకి ఇచ్చినారు. దాన్ని కూడా జాబితాలో రాసుకోండి.

చీరాల తెలుగు టీచర్ | ఏప్రిల్ 8, రాత్రి 9:15

అందరికీ వందనాలు. ఒక నోటుబుక్కు నిండింది. రెండు సందేహాలు.

ఒకటి, నామిని గారి చిత్తూరు మాట మా చీరాల పిల్లలకి ఎక్కుతుందా? మాకు దగ్గరగా ఉంటుందని ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతలు అనుకుంటున్నాను, నెల్లూరు మాట కాబట్టి. మా తరగతిలో ముస్లిం పిల్లలు ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళ ఇంటి వంటలూ పండగలూ ఉన్న తెలుగు పుస్తకం వాళ్ళింతవరకు చూడలేదు.

రెండు, ఒక్కో పుస్తకం ఒక్కో ప్రతి కొనాలా, లేక తక్కువ పుస్తకాలు నాలుగైదు ప్రతుల చొప్పున కొనాలా?

పాతపేపర్ | ఏప్రిల్ 8, రాత్రి 9:48

దర్గామిట్ట కతలు కళ్ళు మూసుకుని కొనండి. నవ్విస్తూ నవ్విస్తూ ఎక్కడో గొంతులో పట్టేస్తాయి. ఎనిమిదో తరగతికి మరీ బాగుంటుంది.

ప్రతుల విషయంలో నేను రెండో మాట వైపే. సెలవుల్లో పిల్లాడు పుస్తకం చదివాక చెప్పుకోడానికి ఇంకొకడు కావాలి. కాంచనద్వీపం ఊళ్ళో ఒక్కడే చదివితే ఒంటికాలి సిల్వర్ గురించి గోడతో చెప్పుకోవాలి. నలుగురు చదివితే చెరువు గట్టున ఓడదొంగలాట మొదలవుతుంది. నండూరి వారి అనువాదాలు, టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజు-పేద, కాంచనద్వీపం, ఏది దొరికితే అది నాలుగు ప్రతులు తీసుకోండి. ముందు ఫోన్ చేసి కనుక్కోండి, అన్నీ అన్ని వేళలా ప్రింటులో ఉండవు.

బడి మూసే ముందు తరగతిలో ఒక పని చెయ్యండి. టామ్ సాయర్‌లో కంచెకి సున్నం వేసే ఘట్టం చదివి వినిపించండి. పిన్ని శిక్షగా వేసిన పనిని టామ్ ఏదో గొప్ప విద్యలాగా చేస్తుంటాడు, ఒక కుర్రాడు వచ్చి నేనూ వేస్తానంటాడు, టామ్ బెట్టు చేస్తాడు, కుర్రాడు చేతిలో ఆపిల్ ఇస్తానంటాడు. అక్కడ పుస్తకం మూసేసి గంట కొట్టించండి. ఇంక మీరు ఎవరినీ చదవమని అడగక్కర్లేదు.

రిటైర్డ్ హెచ్చెమ్ | ఏప్రిల్ 9, ఉదయం 7:30

ఆ ఘట్టం నాకూ ఇష్టమే. సారాంశం వద్దంటున్నారు, సరే. కనీసం ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసే పుస్తకమైనా పెట్టండి. ఆడిట్ వాళ్ళొస్తే టీచరమ్మ మెడకి చుట్టుకుంటుంది. బీరువాలకి తాళాలు ఊరికే పడలేదు, ఒక పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలన్న భయంతో పడ్డాయి.

శాఖా గ్రంథాలయం | ఏప్రిల్ 9, ఉదయం 8:05

మాస్టారు ఎత్తిన విషయం చాలా ముఖ్యం. టీచర్ గారూ, ఇది దాతల డబ్బు. బడి స్టాకు రిజిస్టర్లో ఎక్కించకండి. పిల్లల పుస్తకాల సంచి అని వేరే నోటుబుక్కు పెట్టి, నలిగినా చిరిగినా పోయినా పర్వాలేదని దాతల చేత ఒక కాగితం రాయించుకుని హెచ్చెమ్ గారికి ఇవ్వండి. ఆయనకీ ధైర్యం, మీకూ ధైర్యం.

పంపకానికి మా దగ్గర పనికొచ్చిన పద్ధతి చెప్తాను. పిల్లలు ఏయే వాడల నుంచి వస్తారో చూసి, వాడకొక గుడ్డసంచి పెట్టండి. ఒక్కో సంచిలో పదిహేను పుస్తకాలు. సంచి ఒక పిల్ల ఇంట్లో ఉంటుంది, వీలైతే వసారా ఉన్న ఇల్లు, అమ్మ కేకలెయ్యని ఇల్లు. రెండు వారాలకోసారి సంచులు ఒక వాడ నుంచి ఇంకో వాడకి మారతాయి. మీరు సెలవుల్లో ఊళ్ళో లేకపోయినా సాగుతుంది. సంచి పెత్తనం తరగతి ఫస్టు వచ్చే పిల్లకి ఇవ్వకండి, అందరితో ఆడే పిల్లకి ఇవ్వండి.

కూకట్‌పల్లి నాన్న | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:20

ఇదంతా చదువుతుంటే అసూయగా ఉంది. మా పిల్లల ప్రైవేటు స్కూలు వేసవి చదువు అని పన్నెండు ఇంగ్లిషు పుస్తకాల కట్ట ఇచ్చింది, ఫలానా చోటే కొనాలి, ప్రతిదానికీ వర్క్‌షీట్ నింపాలి. మా పెద్దాడు వర్క్‌షీట్లు ఒక్క పూటలో నింపేశాడు. పుస్తకాల ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. హెచ్చెమ్ మాస్టారి సారాంశం అంటే నాకు అదే గుర్తొచ్చింది.

ఆడియో సంగతి ఎవరూ అనలేదు. దాసుభాషితం యాప్‌లో తెలుగు పుస్తకాలు చదివి వినిపిస్తారు. డాలస్ అమ్మ గారికి పనికొస్తుందేమో. మావాడు కారులో విని, ఆ తర్వాత అదే పుస్తకం అడిగి చదివాడు. కథ ముందే తెలుసు కాబట్టి ఒత్తుల దగ్గర ఆగలేదు.

డాలస్ అమ్మ | ఏప్రిల్ 9, రాత్రి 7:40

ఇది ఈ వారమే మొదలుపెడతాను. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ళ సైటు మా తెలుగు బడి టీచర్ చెప్పారు. తెలుగు కథలు ఉచితం, నాలుగు స్థాయులుగా విడగొట్టి ఉంటాయి, ప్రింటు తీసుకోవచ్చు. మూడు, నాలుగు స్థాయుల్లో ఈ వయసుకి సరిపోయేవి ఉన్నాయి. టీచర్ గారికి ప్రింటు ఖర్చు తక్కువలో పడే చోటుంటే అవి కూడా సంచిలో వెయ్యొచ్చు.

ఇందూరు మల్లేశ్ | ఏప్రిల్ 9, రాత్రి 8:30

చందమామ ముచ్చట శాస్త్రి సార్ మొదట్నే తీసిండు, ఎవలూ పట్టించుకోలె. నేను సార్ దిక్కే. కొడవటిగంటి కుటుంబరావు చూస్కున్న రోజుల పాత సంచికలు తీయున్రి, వాక్యం చిన్నగ, సాఫ్‌గ ఉంటది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు, తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం. చిత్రా బొమ్మలు. ఏడో తరగతి పోరడు ఒక్క భాగం చదివిండంటే తర్వాతి భాగం కోసం ఇంటిమీదికొస్తడు. విడి సంచికలు కోఠి, ఆబిడ్స్ ఆదివారం సంతల ఇంక దొరుకుతనే ఉన్నయ్. నేను కొన్ని జమచేసిన, వరస సంచికలు నాలుగు పోస్టుల పంపిస్త. తిరిగి పంపుడు అవసరం లేదు.

గుంటూరు శాస్త్రి | ఏప్రిల్ 9, రాత్రి 8:41

మల్లేశూ, నీ నోట్లో చక్కెర పొయ్య. నేను కూడా మా ఇంట్లో బైండు చేయించినవి రెండు ఇస్తాను టీచరమ్మా. చీరాల ఎంత దూరం, నేనే తెచ్చి ఇస్తాను.

బుడుగు విషయంలో మాత్రం నా మాట మారదు.

ఏలూరు రోడ్డు | ఏప్రిల్ 10, ఉదయం 9:10

రైలుబడి గురించి ఎవరూ చెప్పలేదా? తెత్సుకో కురొయనాగి రాసిన టోటోచాన్‌కి తెలుగు. పాత రైలుపెట్టెల్లో బడి, పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు ఓపికగా విన్న హెడ్మాస్టరు. అధ్యాయాలు రెండు మూడు పేజీలవే. ఆరో తరగతికి సరిగ్గా సరిపోతుంది, టీచర్లకి ఇంకా బాగా సరిపోతుంది.

ఐత్‌మాతోవ్ తొలి ఉపాధ్యాయుడు ఎవరైనా సూచిస్తే ముందు మీరు చదవండి. పిల్లల్ని వీపున మోసుకుని చలిలో వాగు దాటించే మాస్టారు మర్చిపోలేని మనిషి. కానీ మధ్యలో ఆల్తినాయ్‌ని బలవంతంగా ఎత్తుకుపోయే ఘట్టం ఉంది. నేనైతే తొమ్మిది, పదికి ఇస్తాను, అది కూడా ఒక మాట మాట్లాడి. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు కూడా అంతే. చిన్న నవల, పందుల్ని కాచే ముసలాయన, ఒక్క రాత్రి. ఎనిమిదిలో గట్టి పిల్లలు ఊపిరి బిగబట్టి చదువుతారు, ముగింపు తట్టుకోగల వాళ్ళని చూసి ఇవ్వాలి.

పొన్నూరు వదిన | ఏప్రిల్ 10, ఉదయం 9:35

మనం ఏడో తరగతిలో మధుబాబు షాడో నవలలు పరుపు కింద దాచి చదివాం. అప్పుడు తట్టుకోగలమా అని ఎవరూ చూడలేదు :)

ఏలూరు రోడ్డు | ఏప్రిల్ 10, ఉదయం 9:41

వదినగారూ, ఆ రహస్యం పిల్లల దాకా వెళ్ళకూడదు. వెళ్తే ఈ ఎనిమిది వేలకీ మధుబాబు పుస్తకాలే తెమ్మంటారు.

లెక్కలు సైన్సు | ఏప్రిల్ 10, ఉదయం 9:50

తెమ్మంటే తేవాలి. ఒకటైనా.

చీరాల తెలుగు టీచర్ | ఏప్రిల్ 12, రాత్రి 10:20

ఆర్డర్లు పెట్టేశాను. సగం డబ్బు పల్చటి బొమ్మల పుస్తకాలకే, నొప్పి డాక్టరుతో సహా, ఒక్కోటి మూడేసి ప్రతులు. టామ్ సాయర్ నాలుగు, దర్గామిట్ట కతలు మూడు, ఇల్లేరమ్మ రెండు, రైలుబడి రెండు, భీమాయణం రెండు. కాంచనద్వీపం ఒక్క ప్రతే దొరికింది. నళినీమోహన్ గారివి రెండు రకాలు దొరికాయి. బుడుగు ఒకటి తెప్పిస్తున్నాను శాస్త్రి గారూ, నేను తరగతిలో చదివి వినిపించడానికి. ప్రింటులకని ఎనిమిది వందలు మిగిల్చాను.

సారాంశం బదులు ప్రతి పుస్తకం వెనక అట్టకి ఒక కాగితం అంటిస్తున్నాం. చదివినవాళ్ళు పేరు రాసి, తర్వాత ఇది ఎవరు చదివితే బాగుంటుందో ఆ పేరు రాయాలి, అంతే. మా హెచ్చెమ్ గారు ఒప్పుకున్నారు. రెండు జీవితచరిత్రలు కూడా సంచిలో వేస్తేనే అన్నారు. వేశాను.

ఇంకొక్కటి తేలలేదు. ఎనిమిదిలో నలుగురు మగపిల్లలున్నారు, రోజంతా క్రికెట్. కథ వద్దు, సైన్సు వద్దు, బొమ్మ వద్దు. పిల్లలు చదవగల క్రికెట్ పుస్తకం తెలుగులో ఎవరైనా చూశారా?

పాతపేపర్ | ఏప్రిల్ 12, రాత్రి 10:52

నాకు తగల్లేదండీ. మనవాళ్ళు టీమిండియాలో ఇంతమంది ఆడినా పిల్లల కోసం ఒక్క పుస్తకం రాసిన పాపాన పోలేదు.

శాఖా గ్రంథాలయం | ఏప్రిల్ 13, ఉదయం 7:45

టీచర్ గారూ, మా దగ్గర పాత దినపత్రికలు తూకానికి వేస్తాం. ఆట పేజీలు నేను ఏరిపెడతాను, మనిషిని పంపండి. ఆ నలుగురినీ కూర్చోబెట్టి, ఒక్కో ఆటగాడి వార్తలు విడిగా కత్తిరించి, అట్ట వేసి కుట్టమనండి. ఏది కత్తిరించాలో తేల్చుకోడానికి చదవక తప్పదు. కుట్టాక నాలుగు సంచుల్లో తలా ఒకటి వెయ్యండి.

చీరాల తెలుగు టీచర్ | ఏప్రిల్ 13, ఉదయం 8:02

మనిషెందుకండీ, ఆ నలుగురినే పంపుతాను. శనివారం ఎన్నింటికి తెరుస్తారు?

శాఖా గ్రంథాలయం | ఏప్రిల్ 13, ఉదయం 8:10

ఎనిమిదింటికి. బ్యాట్లు బయట పెట్టి రమ్మనండి. వచ్చినప్పుడే సభ్యత్వం ఫారాలు కూడా నింపిస్తాను.